చైర్మన్ గారి అడుగులు

రాబోయే వంద రోజుల్లో ఉద్దానంలో రోగమనే మాట వినిపించకూడదని రాష్ట్ర నడక ప్రోత్సాహక మండలి చైర్మన్ వైకుంఠరావు గారు కాశీబుగ్గ సభలో ప్రకటించారు. రోగం ఉండకూడదని ఆయన అనలేదు. పెద్దవాళ్లు మాట తూచి మాట్లాడతారు.

సభకి ఆయన అతిథి గృహం నుంచి కారులో వచ్చారు. మధ్య దూరం నలభై గజాలుంటుంది. వేదిక మెట్లెక్కేటప్పుడు ఇద్దరు చెరో చెయ్యీ పట్టుకున్నారు, మూడో అతను వెనకనుంచి నమ్మకంగా తోశాడు. కుర్చీలో కూర్చుని, ఊపిరి అందాక, ఆయన నడక గొప్పదనం గురించి గంటంబావు మాట్లాడారు. రోజుకి పదివేల అడుగులు వెయ్యాలి, పొద్దున చోడి అంబలి, అంటే రాగి జావ, తాగాలి, మధ్యాహ్నం నూనె లేని ఆకుకూర తినాలి, ఎనిమిది గ్లాసుల నీళ్లు తాగాలి, ఏడు గంటలు నిద్రపోవాలి. "ముందు నేను చేసి చూపిస్తాను" అంటూ చెయ్యెత్తి మణికట్టుకున్న నల్ల బ్యాండు చూపించారు. అది అడుగులు, నాడి, ఒంట్లో ఆక్సిజన్, నిద్ర అన్నీ లెక్కగట్టి యాప్‌కి పంపిస్తుంది. యాప్ వాటిని బస్టాండులో కొత్తగా పెట్టిన పెద్ద తెర మీద వేస్తుంది. అంటే ఆ క్షణం నుంచి చైర్మన్ గారి ఆరోగ్యం బస్సు కోసం ఎదురుచూసే ప్రతి పౌరుడికీ కనబడుతుందన్నమాట. జనం చప్పట్లు కొట్టారు.

సభ అయ్యాక కారెక్కుతూ ఆయన ఆ బ్యాండు విప్పి చిట్టిబాబు చేతిలో పెట్టారు.

"దురద పెడతందిరా. నువ్వు సూసుకో."

చిట్టిబాబుది మందస. పదిహేనేళ్లుగా చైర్మన్ గారి గొడుగు, ఫోను, కళ్లజోడు, బీపీ మాత్రలు అతని దగ్గరే ఉంటున్నాయి. ఇప్పుడు ఆరోగ్యం కూడా వచ్చి చేరింది. ఇంత సేవకీ అతను అడిగింది ఒక్కటే, మండలి జిల్లా కన్వీనర్ పదవి. ఫైలు తయారై ఎనిమిది నెలలైంది. సంతకం కోసం చైర్మన్ గారి బల్ల సొరుగులో పడుంది. చిట్టిబాబు భార్య యామిని మాత్రం అంతవరకూ ఆగలేక ఇంటికి బోర్డు రాయించేసింది. మంచిరోజు వచ్చేదాకా దాన్ని గోడవైపు తిప్పి పెట్టి, రోజూ తుడుస్తోంది.

మొదటిరోజు బ్యాండు తనే కట్టుకుని నడిచాడు. పలాస రైల్వేస్టేషన్ దాకా పోయి వచ్చేసరికి నాలుగువేల అడుగులే తేలాయి, మోకాలు పట్టేసింది. రెండోరోజు చైర్మన్ గారి కుక్క మెడకి కట్టాడు. అది చైర్మన్ గారు తినేదే తింటుంది కనుక చైర్మన్ గారిలాగే పడుకుంది. మూడోరోజు ఫ్యాను రెక్కకి కట్టి తిప్పితే, మీరు హెలికాప్టర్‌లో ఉన్నారా అని యాప్ అడిగింది. బస్టాండు తెర మీద చైర్మన్ గారి పేరుకెదురుగా ఆరువందల పన్నెండు అని పడింది. టీకొట్టు దగ్గర ఎవరో నవ్వారట. ఆ నవ్వు సాయంత్రానికి అతిథి గృహం చేరింది.

"రేపటికి పదివేలు కనబడాల" అన్నారు చైర్మన్ గారు, సొరుగు మీద చెయ్యి ఆనించి. "నేదంటే ఈ పైలు ఎక్కడుందో నాకే గుర్తుండదు."

కష్టం వచ్చినప్పుడు చిట్టిబాబు వాళ్ల అప్ప దగ్గరికి, అంటే అక్క దగ్గరికి, పోతాడు. అప్ప పైడితల్లి కాశీబుగ్గలో మహీధర్ జీడి ఫ్యాక్టరీలో పిక్కలు కోస్తుంది. మహీధర్ చైర్మన్ గారి బామ్మర్ది. పైడితల్లి మొగుడు నాలుగేళ్ల కిందట, ఉద్దానంలో పేరు చెప్పక్కర్లేని ఆ కిడ్నీ జబ్బుతోనే పోయాడు. అప్పట్నుంచీ ఆమె పొద్దున ఏడింటికి మిషను ముందు కూర్చుంటే సాయంత్రం దాకా లేవదు. ఎడమచేత్తో పిక్క పెట్టాలి, కాలితో పెడలు తొక్కాలి, కుడిచేత్తో పిడి లాగాలి. పిక్క రెండుగా చీలి నల్లటి జీడిసొన చిమ్ముతుంది. లాగడం, వదలడం, లాగడం, వదలడం. చెయ్యి ముందుకీ వెనక్కీ ఊగుతూనే ఉంటుంది.

చిట్టిబాబు ఆ చేతిని చాలాసేపు చూశాడు. తరవాత జేబులోంచి బ్యాండు తీసి ఆమె కుడి మణికట్టుకి కట్టాడు.

"ఇదేటిరా సిట్టీ, గడియారమా?"

"కాదప్పా. సైర్మన్ గోరి ఆరోగ్గెం. సొన అంటనీకు."

మధ్యాహ్నానికి పంతొమ్మిది వేలు దాటింది. సాయంత్రం బస్టాండు తెర మీద ముప్ఫైఎనిమిది వేల ఆరువందల నలభై అని వెలిగింది. కండక్టర్లు బస్సులు ఆపి చూశారు. అంత నడిస్తే ఇచ్ఛాపురం దారిలో కంచిలి దాకా పోవచ్చని ఒక లెక్కల మాస్టారు తేల్చాడు. ఇంత నడక ఎక్కడ నడిచారని విలేకరులు అడిగితే చైర్మన్ గారు కాసేపు ఆలోచించి, ప్రచారం ఇష్టంలేక ఇంట్లోనే నడిచానన్నారు.

యాప్ ఊరుకునే రకం కాదు. పళ్లెం ఫొటో పెట్టమంది. అతిథి గృహంలో ఆ పూట పీతల పులుసు, వేటమాంసం ఉన్నాయి. చిట్టిబాబు పోయి అప్ప గిన్నె ఫొటో తీసుకొచ్చాడు. చోడి అంబలి, ఉల్లిపాయ, తోటకూర. నూటికి నూరు మార్కులు వేసింది యాప్. పైడితల్లి నలభై ఏళ్లుగా అదే తాగుతోంది. పథకమని తెలియక ఇన్నాళ్లూ ఊరికే తాగింది. నిద్ర లెక్క కూడా కావాలంటే బ్యాండు రాత్రిళ్లు ఆమె చేతికే ఉంచేశాడు. తెల్లవారుజామున మూడున్నరకే లేచే నాయకుడు అని పేపర్లో పడింది. ఒక్క నీళ్ల దగ్గరే మార్కులు తగ్గాయి.

"నీళ్లు తాగొచ్చు గదప్పా" అన్నాడు చిట్టిబాబు.

"తాగితే లెగాల. లెగిత్తే పిక్కలు ఎవలు కోత్తారు?"

అదీ నిజమే కాబట్టి చిట్టిబాబు ఆ గ్లాసులు యాప్‌లో చేత్తో ఎక్కించేశాడు. ఎనిమిదికి ఎనిమిది.

నెల తిరిగేసరికి రాజధాని నుంచి ప్రాజెక్టు ఆఫీసర్ అవినాష్ దిగాడు. కుర్రవాడు, చదువుకున్నవాడు, అందుకని ప్రతిదీ నమ్ముతాడు. అతనికి ఒక్కటే అంతుపట్టలేదు. చైర్మన్ గారు రోజుకి నలభైవేల అడుగులు వేస్తున్నారు గానీ, మ్యాపులో చూస్తే పగలల్లా మూడడుగుల జాగా దాటడం లేదు. పైగా ఆ జాగా మహీధర్ గారి ఫ్యాక్టరీలో ఉంది. బామ్మర్ది గారి దగ్గర ప్రశాంతంగా ఉంటుందని అక్కడే ఒకచోట నిలబడి నడుస్తారని చిట్టిబాబు చెప్పాడు. అవినాష్ ఆశ్చర్యపోయి దానికి 'స్థిర నడక' అని పేరు పెట్టి, ముప్ఫై పేజీల రిపోర్టు రాసి పైకి పంపాడు. స్థలాభావం ఉన్న దేశానికి ఇదే దారని పైనుంచి జవాబొచ్చింది. వందో రోజున చైర్మన్ గారికి 'నడక రత్న' ఇస్తామని కూడా అందులో ఉంది.

మిగతా నాయకులకి ఈ స్థిర నడక సంగతి తెలియడానికి వారం పట్టింది. కంచిలి నాయకుడి బ్యాండు వచ్చింది, నౌపడ నాయకుడిది వచ్చింది, పేరు కూడా తెలియని వాళ్లవి వచ్చాయి. మిషన్ల ముందు కూర్చున్న ఆడవాళ్లకి మణికట్టు నుంచి మోచెయ్యి దాకా బ్యాండులే. గాజులకి జాగా లేక తీసి చెంగున కట్టుకున్నారు. ఆ నెల జిల్లాలో నాయకులందరి ఆరోగ్యం ఒక్కసారిగా మెరుగుపడింది. చైర్మన్ గారి బ్యాండు మాత్రం గౌరవంగా పైడితల్లికొక్కదానికే ఉంచారు. ఆమె చేతిమీద ఇంకోటి కట్టనివ్వలేదు.

డెబ్బయ్యో రోజు దాటాక ఒక సాయంత్రం పైడితల్లి తమ్ముణ్ణి ఆపింది. పాదాలు చూపించింది. బొటనవేలితో నొక్కితే సొట్ట పడి అలాగే ఉండిపోయింది. ఆ సొట్ట అంటే ఏమిటో ఉద్దానంలో బడిపిల్లలకి కూడా తెలుసు.

"ఓ పాలి టెక్కలి ఆస్పత్రికి తీసుకెల్లి రగతం సూపించరా. మీ బావకీ ఇలాగే మొదలైనాది."

చిట్టిబాబు చూపు పక్కకి తిప్పుకున్నాడు. రోజంతా కూర్చుంటే పాదాలు పొంగవా అన్నాడు. కాస్త నడవమని సలహా కూడా ఇచ్చాడు. టెక్కలి పోతే ఒక రోజు పని పోతుంది, ఒక రోజు పని పోతే తెర మీద చైర్మన్ గారు ఒక రోజు నడవనట్టే. వందో రోజు దాటనీ, నేనే బండి కట్టించి తీసుకెళ్తానని మాటిచ్చాడు. ఆ మాట మనస్ఫూర్తిగానే ఇచ్చాడు. ఆమె కూడా సరేనంది. ఇంకా ఎన్ని రోజులుందో వేళ్ల మీద లెక్కపెట్టుకుని మళ్లీ పిడి పట్టుకుంది.

తొంభైమూడో రోజు మధ్యాహ్నం చైర్మన్ గారు పీత కాలు కొరుకుతుండగా అంబులెన్స్ వచ్చింది. దాని వెనకే అవినాష్ కారు వచ్చింది. మూడు రోజులుగా చైర్మన్ గారి బ్యాండు ఎర్రలైటు చూపిస్తోందట. నిద్రలో కూడా నాడి పరుగెడుతోంది, ఆక్సిజన్ పడిపోతోంది. మూడు రోజులు వరసగా ఎరుపొస్తే కబురు నేరుగా రాజధానికి పోతుంది. వెంటనే విశాఖపట్నం పెద్దాసుపత్రికి తరలించమని ఆర్డరొచ్చింది. చైర్మన్ గారి చేతిలోంచి పీత కాలు జారింది. తన చేతికి బ్యాండు లేదన్న సంగతి ఆ కంగారులో ఆయనకి గుర్తు రాలేదు. నిజానికి ఆ సంగతి ఆయన మరిచిపోయి రెండు నెలలైంది.

ఆసుపత్రిలో బ్యాండు అడుగుతారని గుర్తొచ్చినవాడు చిట్టిబాబే. మోటారుసైకిలు మీద ఫ్యాక్టరీకి ఎగిరిపోయాడు.

"మూడ్రోజుల బట్టీ ఇది ఎర్రగా కొట్టుకుంతంది" అంది పైడితల్లి చెయ్యి చాపి. "నీకు పోన్ సేత్తే ఎత్తవు. ఏటయినాదిరా దీనికి?"

"బేటరీ అయిపోయుంటాదప్పా."

విప్పుతుంటే ఆమె చెయ్యి తగిలింది. చల్లగా ఉంది, వేళ్లు ఉబ్బి ఉన్నాయి. చిట్టిబాబుకి భయమేసింది. బావ ఆఖరి రోజుల్లో చెయ్యి ఇలాగే ఉండేది. అప్పని అలాగే బండి మీద కూర్చోబెట్టుకుని, ఆ అంబులెన్స్‌లోనే ఎక్కించేస్తే బాగుణ్ణని ఒక్క నిమిషం అనిపించింది. చైర్మన్ గారితో బయల్దేరిన అంబులెన్స్ కూత బయట రోడ్డు మీద వినపడింది. బ్యాండు జేబులో వేసుకుని పరుగెత్తాడు.

అంబులెన్స్‌లో చైర్మన్ గారు చిట్టిబాబు చెయ్యి వదల్లేదు. బ్యాండు ఆయన చేతికి కట్టినప్పుడు కూడా వదల్లేదు.

"నలబై వేలేసి అడుగులు నడిసేనురా రోజూ" అన్నారు కళ్లనీళ్లతో. "మనిసన్నోడు అంత నడవకూడదు. గుండె అరిగిపోనాదేమో."

చిట్టిబాబు నోరు తెరిచాడు. అసలు విషయం చెప్పేద్దామనే తెరిచాడు. అప్పుడు బండి టెక్కలి దాటుతోంది. అప్ప అడిగిన ఆసుపత్రి ఎడంపక్కన ఎక్కడో ఉంది.

"నాకేటైనా అయితే నీకు అన్నేయం జరిగిపోతాది" అన్నారు చైర్మన్ గారు. "బతికి తిరిగొత్తే ముందు నీ పైలు మీదే సంతకం."

చిట్టిబాబు నోరు మూసుకున్నాడు. మీకేటీ కాదు బాబూ అన్నాడు. ఆ ఒక్క విషయంలో అతనికి అనుమానం లేదు.

పెద్దాసుపత్రిలో రెండు రోజులు పరీక్షలు జరిగాయి. ఉద్దానం మనిషని చెప్పగానే కిడ్నీలతో మొదలుపెట్టారు. రక్తం, మూత్రం, గుండె, ఊపిరితిత్తులు, తలకాయ, ఏదీ వదల్లేదు. అన్నీ బాగున్నాయి. తలలో కూడా ఏమీ లేదని స్కానింగులో తేలింది. ఆసుపత్రిలో అడుగుపెట్టగానే బ్యాండు పచ్చలైటుకి మారిపోవడం వైద్యచరిత్రలో వింత అని అవినాష్ పేపర్లకి చెప్పాడు. డాక్టర్ వాణి గారు మాత్రం పేపర్లు చదివే మనిషిలా లేదు. ఆవిడ చిట్టిబాబుని పక్కకి పిలిచి, బ్యాండు పట్టీని గోటితో గీకి వాసన చూసింది. పట్టీ లోపలంతా నల్లగా సొన పట్టేసి ఉంది.

"మీ చైర్మన్ గారు జీడిపిక్కలు కోస్తారా?"

"సైర్మన్ గోరు రైతుబిడ్డండి."

"ఈ మూడు నెలలూ ఇది ఎవరి చేతికుందో నాకు తెలీదు. వాళ్లు మాత్రం ఈయన కాదు. ఎవరైతే వాళ్లని వెంటనే తీసుకురండి. ముందు రక్తపరీక్ష చెయ్యాలి. వారం కూడా ఆగకండి."

"సైర్మన్ గోరి సేతికే ఉందండి" అన్నాడు చిట్టిబాబు. ఆవిడ బ్యాండు తిరిగి ఇచ్చేసి పక్క గదిలోకి వెళ్లిపోయింది.

వందో రోజు సభ కాశీబుగ్గలోనే జరిగింది. అడుగు తీసి అడుగు వెయ్యొద్దని ఎవరో అన్నారని చైర్మన్ గారు 'నడక రత్న' బిరుదుని చక్రాల కుర్చీలో కూర్చుని అందుకున్నారు. నడక వల్లనే రోగం ముందుగా బయటపడిందని, నడక వల్లనే అది పోయిందని చెప్పారు. రెండో విడతగా రేపటినుంచి మరో రెండువందల రోజులు, రోజుకి అరవైవేల అడుగులు అని ప్రకటించారు. ఆ వేదిక మీదే చిట్టిబాబు ఫైలు మీద సంతకమైంది. దండ వేశారు. యామిని వేదిక కింద నిలబడి ఏడ్చింది. ఇంటికి పోగానే బోర్డు ఈ పక్కకి తిప్పింది.

సాయంత్రం చిట్టిబాబు దండతోనే అప్ప ఇంటికి వెళ్లాడు. ఏమైనా సరే రేపు టెక్కలి తీసుకెళ్లాలనే అనుకుంటూ వెళ్లాడు. దారి పొడుగునా అదే అనుకున్నాడు. కానీ రేపు బాధ్యతల స్వీకారం ఉంది. ఎల్లుండి కంచిలిలో సన్మానం. జేబులో చైర్మన్ గారి బ్యాండు ఉంది, రేపు పొద్దున్నకల్లా తెర మీద అడుగులు పడాలి.

పైడితల్లి గుమ్మంలో కాళ్లు చాపుకుని కూర్చుంది. చీర కుచ్చెళ్లు పాదాల మీదికి లాక్కుంది. తమ్ముడి మెళ్లో దండ చూసి మురిసిపోయింది. తరవాత తనే అడిగింది.

"వందో రోజు అయిపోనాది గదరా. రేపు టెక్కలి ఎల్దుమా?"

చిట్టిబాబు చేతిలో ఆసుపత్రి ఫైలుంది. చైర్మన్ గారి కళ్లజోడు, మాత్రలతోపాటు రిపోర్టులు కూడా అతని దగ్గరే ఉంటాయి. ఆ ఫైలు తెరిచాడు. తెరిచాక చదవడం మొదలుపెట్టాడు. రక్తం బాగుంది. గుండె బాగుంది. కిడ్నీలు రెండూ ఇరవయ్యేళ్ల కుర్రాడి కిడ్నీల్లా ఉన్నాయి.

పైడితల్లి చెవులు రిక్కించి వింది.

"ఆ ఎర్రలైటు ఎందుకొచ్చినాదో సూడ్డానికేనా ఇవన్నీ సేసినారు?"

"అందుకేనప్పా."

"ఆ లైటు నా సేతిమీదే గదరా ఎలిగినాది?"

"నీ సేతిమీదే."

"మరి ఏటీ నేదన్నారా?"

"ఏటీ నేదన్నారు."

ఆమె పెద్ద ఊపిరి తీసి వదిలింది. ఫైలు అడిగి తీసుకుని, అక్షరాలు రాకపోయినా పేజీ పేజీ తిప్పి చూసి, కళ్లకద్దుకుంది. "ఇసాకపట్నంలో సూసినాక ఇంక టెక్కలి ఎందుకురా, పని పాడు. మీ బావకి ఇలాటి యోగం నేకపోనాది" అంది. ఆమె మొహంలో అంత నిశ్చింత చూసి చిట్టిబాబుకి కూడా నిజంగానే మనసు కుదుటపడింది.

ఆమె తనంతట తనే కుడిచెయ్యి చాపింది. చిట్టిబాబు బ్యాండు కట్టాడు. వేళ్లతోపాటు మణికట్టు కూడా ఉబ్బిందేమో, పట్టీ రెండు కన్నాలు వదులు చెయ్యాల్సి వచ్చింది. కట్టిన రెండు నిమిషాలకి ఎర్రలైటు కొట్టుకోవడం మొదలైంది. ఇద్దరూ దాన్ని చూశారు.

"పని కాడ కంట్లో కొడతాది" అంటూ పైడితల్లి పాత చీర అంచు చింపి బ్యాండు మీద చుట్టుకుంది.

మర్నాడు పొద్దున్న ఎనిమిది గంటలకి బస్టాండు తెర మీద చైర్మన్ వైకుంఠరావు గారు సంపూర్ణంగా కోలుకుని అప్పుడే మూడువేల నూట నలభై అడుగులు నడిచారని పడింది. అక్కడున్నవాళ్లు అలవాటుగా ఒకసారి అటు చూసి, టెక్కలి బస్సెక్కారు.